టైరు మంట మీద తోలు

2022లో నైజీరియాలోని జరియా పట్టణం నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. తోళ్ల సాంకేతిక విద్య నేర్పే అక్కడి ప్రభుత్వ సంస్థ, పొన్మో తినడాన్ని నిషేధించాలని అడిగింది. పొన్మో అంటే బొచ్చు కాల్చి, గీకి, ఉడికించిన పశువు తోలు. అందులో పోషకాలేవీ లేవని, తోలంతా కూరల్లోకి పోతుంటే చర్మపరిశ్రమకు ముడిసరుకు దొరకడం లేదని వాళ్ల వాదన. మరుసటి ఏడాది జూన్‌లో ఉత్తర ఘానాలో ఆంత్రాక్స్, అంటే పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు, బయటపడింది. అప్పుడు నైజీరియా వ్యవసాయశాఖ కూడా పొన్మో జోలికి పోవద్దని జనాన్ని హెచ్చరించింది. ఈ రెండింటికీ తోడు మూడో మాట ఎప్పుడూ ఉండనే ఉంది: టైర్లతో కాల్చిన తోలు తింటే క్యాన్సర్ వస్తుందని.

ఈ మూడూ కలిసిపోయి ఇప్పుడు ఒకే మాటగా తిరుగుతున్నాయి, “తోలు తినడం మానండి” అని. నాకు ఇది తప్పుగా కనిపిస్తోంది. చర్మపరిశ్రమ కష్టం వ్యాపార సమస్య. ఆంత్రాక్స్ జబ్బుచేసిన పశువును కోయకుండా ఆపే పశువైద్యుడి పని. రసాయనాల సంగతి కాల్చేచోట వాడే ఇంధనానిది. మూడింటినీ ఒకే మూటలో కట్టి తినేవాడి నెత్తిన పెడితే ఒక్కటీ తీరదు. ఇక్కడ నేను మూడోదాని గురించే మాట్లాడతాను. అది తోలులో పుట్టిన దోషం కాదు, మంటలోంచి వచ్చి తోలుకు పట్టిన దోషం.

పోషకాల మాట ఒక్కటి ముందే తేల్చేస్తాను. తోలులో ఉండే మాంసకృత్తి దాదాపుగా అంతా కొల్లాజెన్. అందులో ట్రిప్టోఫాన్ అనే, ఒంటికి తప్పనిసరైన అమైనో ఆమ్లం ఉండదు కాబట్టి ఒక్క తోలుతోనే మాంసకృత్తుల అవసరం తీరదన్నది నిజం. కానీ తోలు ఒక్కటే తినేదెవరు? ఘానాలో దీన్ని వెలె అంటారు. అన్నమూ అలసందలూ కలిపి వండే వాచే పక్కన, కారం పులుసులో నాలుగు ముక్కలుగా వస్తుంది. అలసందలు ఆ పళ్లెంలోనే ఉన్నాయి. మాంసం కొనలేని ఇంట్లో నమలడానికి ఏదో ఒకటి ఉందన్న తృప్తి అది. దాన్ని పోషకాల పట్టికతో కొట్టిపారేయడం న్యాయం కాదు.

తోలు ఎలా కాలుస్తారు

కబేళా వెనక ఖాళీ స్థలంలో పాత టైర్లను ముక్కలుగా కోసి పేరుస్తారు. కిరోసిన్‌తోనో వాడేసిన ఇంజిన్ ఆయిల్‌తోనో అంటిస్తారు. మంట అందుకోగానే నల్లటి పొగ దట్టంగా లేస్తుంది. ఇనుప కొక్కేలతో తోలును ఆ మంట మీదికి లాగి అటూఇటూ తిప్పుతారు. బొచ్చు చిటపటలాడుతూ ముడుచుకుపోతుంది, కమురు వాసన గుప్పుమంటుంది. వెంట్రుకలో ఉండే కెరటిన్‌లో గంధకం ఎక్కువ, ఆ వాసన దానిదే. కొన్ని నిమిషాలకు తోలు బిగుసుకుని, అంచులు పైకి లేచి, మొత్తం నల్లబడుతుంది. ఆ తర్వాత కత్తితో గీకుతారు, ఇనుప పీచుతో తోముతారు, డ్రమ్ములో ముంచి కడుగుతారు. ఆ నీళ్లు రెండు తోళ్లకే సిరాలా అవుతాయి. చాలాచోట్ల మూడో తోలునూ అందులోనే ముంచుతారు. మంట ఆరాక నేల మీద మిగిలేది టైర్లలోంచి ఊడిన తుప్పుపట్టిన తీగల చిక్కు. అది చూస్తే చాలు, ఆ రోజు ఏ ఇంధనం వాడారో ఎవరినీ అడగక్కర్లేదు.

టైరే ఎందుకంటే కారణాలు గట్టివే. కిలో కట్టె సుమారు 15, 16 మెగాజౌళ్ల వేడి ఇస్తే కిలో టైరు 32 దాకా ఇస్తుంది. వాన తుంపర పడినా ఆరదు. పైగా దాదాపు ఉచితం. తోలు కాల్చేవాడు రోజుకూలీ. అతనికి ముట్టేది కాల్చినదానికి ఇంత అని. గ్యాస్ సిలిండర్‌కి డబ్బు ముందే పెట్టాలి, టైరుకు అక్కర్లేదు. ఈ లెక్కను పక్కనపెట్టి అతనికి అజ్ఞాని అని పేరు పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది.

టైరులోంచి తోలులోకి

టైరంటే ఉత్త రబ్బరు కాదు. బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి. ఉక్కు తీగలు, గంధకం, రబ్బరును మెత్తబరిచే నూనెలు అందులో ఉంటాయి. రబ్బరు గట్టిపడటానికి వేసే జింక్ ఆక్సైడ్ ఉంటుంది. జింక్ మొత్తం బరువులో సుమారు ఒక శాతం. అంటే తొమ్మిది కిలోల కారు టైరు కాలితే తొంభై గ్రాముల దాకా జింక్ ఆ మంటలో, బూడిదలో, పొగలో చేరుతుంది. జింక్ వెంట కల్తీగా కాడ్మియం, సీసం కొద్దికొద్దిగా వస్తాయి. రోడ్డు మీద అరిగిన టైరు కాబట్టి బ్రేకుల పొడి, రోడ్డు దుమ్ము కూడా దానికి అంటుకునే ఉంటాయి. ట్యూబు లేని టైర్ల లోపలి పొరలో క్లోరిన్, బ్రోమిన్ కలిపిన రబ్బరు వాడతారు. ఆరుబయట అరకొరగా కాలే మంటలో క్లోరిన్ ఉంటే డయాక్సిన్లనే విషపదార్థాలు పుట్టడానికి దారి దొరికినట్టే.

అన్నిటికంటే పెద్ద చిక్కు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లది. పొడవాటి పేరు కాబట్టి పీఏహెచ్‌లు అందాం. కార్బన్ ఉన్నది ఏదైనా గాలి చాలక సగం సగం కాలితే ఇవి పుడతాయి. నల్లటి పొగ అంటేనే సగం కాలిన కార్బన్. ఇవి మసి రేణువులకు అతుక్కుని వచ్చి తోలు మీద కూర్చుంటాయి. వీటిలో బెంజోపైరీన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది. కాడ్మియమూ ఆ వర్గంలోదే.

కొందరు ఇప్పటి టైర్లు పాతవాటంత చెడ్డవి కావంటారు. యూరప్‌లో 2010 జనవరి 1 నుంచి టైర్ల తయారీలో వాడే నూనెల్లో బెంజోపైరీన్ కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదన్న నియమం వచ్చిన మాట నిజమే. కానీ ఆ నియమం టైరు రోడ్డు మీద అరిగి రాలే పొడిని దృష్టిలో పెట్టుకున్నది. కాలిస్తే నూనెలోని పీఏహెచ్‌లు ఎన్ని ఉన్నాయన్నది చిన్న విషయం, రబ్బరే కొత్త పీఏహెచ్‌లను తయారుచేస్తుంది.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2009లో పొగపట్టే ఆహారాలకు ఒక ఆచరణ నియమావళి ఇచ్చింది. టైర్లు, వాడేసిన నూనె, డీజిల్ వంటివి ఇంధనంలో కొంచెం కూడా కలపకూడదని అందులో రాసే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఘానా రాజధాని అక్రాలోని అగ్బోగ్‌బ్లోషీ చెత్త యార్డును తలచుకుంటే నాకు బాధేస్తుంది. రాగి కోసం కరెంటు తీగలను టైర్ల మంటలో కాల్చే కుర్రాళ్ల ఫొటోలు అక్కడినుంచి ప్రపంచమంతా తిరిగాయి. 2021 జూలైలో ఆ యార్డును కూల్చేశారు. తీగలను కాల్చిన ఇంధనమే తోళ్లనూ కాలుస్తోంది. తీగలకు దొరికిన ఫొటోగ్రాఫర్లు తోళ్లకు దొరకలేదు.

ఉడికిస్తే పోతుందా

“మేం గంటలు గంటలు ఉడికిస్తాం, ఏముంటుంది అందులో?” అన్నది ఎక్కువమంది వేసే ప్రశ్న. దీనికి జవాబు రెండు ముక్కలు.

పైనున్న మసి, బూడిద, వాటిలో కలిసిన లోహాలు గీకితే, తోమితే, మొదటి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతాయి. కడగడం వృథా అని నేననను. కానీ పీఏహెచ్‌లు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. తోలు లోపలివైపు, మాంసం నుంచి ఒలిచిన వైపు, కొవ్వు పొర ఉంటుంది. తోలును మంట మీద తిప్పేటప్పుడు ఆ కొవ్వు కరిగి మసిని పీల్చుకుంటుంది. దాన్ని ఎన్ని నీళ్లతో కడిగినా రాదు. ఉడికించినప్పుడు కొవ్వు పైకి తేలుతుంది, దాంతో పాటే పీఏహెచ్‌లూ తేలుతాయి. ఆ తెట్టును తీసి పారేస్తే కొంత పోయినట్టు. పులుసులోనే ఉంచేస్తే ముక్కలోంచి గిన్నెలోకి మారిందంతే.

అందుకే కాల్చకముందే తోలు లోపలి కొవ్వును చాకుతో పూర్తిగా గీకెయ్యాలి. అరగంట పని. కాల్చేచోట ఈ ఒక్క పని చేస్తే మంటలో కారి మండే కొవ్వు తగ్గుతుంది, మసి పట్టుకునే పొరా పోతుంది. ఇంటి గిన్నెలో చేయగలిగినదానికంటే ఇది చాలా ఎక్కువ. కానీ తూకానికి అమ్మే సరుకులో కొవ్వు తీసెయ్యమంటే ఎవరు తీస్తారు? చిక్కు అక్కడే.

అంకెల దగ్గర తడబాటు

ఇప్పుడు నా వాదనకే ఎదురు తిరిగే సంగతులు. అసలు కాల్చని తోలునే పరీక్షించినా అందులో సీసం, కాడ్మియం కొంత కనిపిస్తాయి. పశువు రోడ్ల పక్కన మేసింది, చెత్తకుప్పల మీద తిరిగింది, మురుగు తాగింది. కాబట్టి కాల్చిన తోలులో దొరికిన సీసమంతా టైరుదే అనడం తప్పు. అదే పశువు తోలులో కాల్చని ముక్కను పక్కన పెట్టి పోల్చని పరీక్షను నేను సగమే నమ్ముతాను. ఇనుము, జింక్ పెరిగితే మాత్రం అది టైరు గుర్తు. ఆ రెండూ ఒంటికి పెద్ద ప్రమాదం కాదు, కానీ మంట ఎలాంటిదో చెప్పే సాక్షులు. అందులోనూ గీకే కత్తి, తోమే ఇనుప పీచు కాస్త ఇనుమును వదులుతాయని గుర్తుంచుకోవాలి.

రెండోది, పత్రికల్లో భయంకరంగా కనిపించే అంకెలు చాలాసార్లు పొడి బరువు లెక్కలు. పచ్చి తోలులో అరవై శాతానికి పైగా నీరే. ఎండబెట్టి పొడిచేసి కొలిస్తే అదే సీసం రెండున్నర, మూడు రెట్లుగా కనిపిస్తుంది. నానబెట్టి ఉబ్బించి అమ్మే పొన్మోలో నీరు ఇంకా ఎక్కువ. మాంసంలో సీసం కిలోకు 0.10 మిల్లీగ్రాము మించకూడదన్న యూరప్ పరిమితి తడి బరువుకు. పొడి బరువు అంకెను తెచ్చి ఆ పరిమితి పక్కన పెట్టి “పది రెట్లు” అని రాస్తే చదివేవాడు బెదిరిపోతాడు, నిజం మాత్రం దొరకదు. అలా అని సీసాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. వారానికి ఇంతవరకు ఫరవాలేదని ఉన్న పాత హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో ఉపసంహరించుకుంది. పిల్లల మెదడు విషయంలో నిశ్చింతగా ఉండగల హద్దు ఏదీ చెప్పలేమన్నది దాని అర్థం.

బెంజోపైరీన్‌కి ఒక చిన్న లెక్క వేద్దాం. యూరప్ ఆహార భద్రత సంస్థ 2008లో జంతు ప్రయోగాల ఆధారంగా శరీర బరువు కిలోకు రోజుకు 0.07 మిల్లీగ్రామును కొలబద్దగా తీసుకుంది. మనిషి తినేది దానికి పదివేల రెట్లు తక్కువగా ఉంటే ఆందోళన తక్కువ అంది. అరవై కిలోల మనిషికి అది రోజుకు 0.42 మైక్రోగ్రాము. పొగపట్టిన మాంసంలో యూరప్ పరిమితి 2014 సెప్టెంబర్ నుంచి కిలోకు 2 మైక్రోగ్రాములు. ఒక తోలులో దానికి ఐదింతలు, అంటే కిలోకు పది ఉన్నాయనుకుందాం. యాభై గ్రాముల ముక్కలు తింటే అర మైక్రోగ్రాము ఒంట్లో చేరుతుంది. వారానికోసారి తినేవాడికి సగటున రోజుకు 0.07 మైక్రోగ్రాము మాత్రమే. రోజూ తినేవాడు ఒక్క తోలుతోనే హద్దు దాటేశాడు.

ఈ లెక్క నన్ను కూడా సర్దుకునేలా చేసింది. “ఒక్క ముక్క తింటే విషం” అనే మాటలో పస లేదు. కానీ వారానికోసారి తినేవాడి పళ్లెంలో పొగపట్టిన చేపలూ ఉంటాయి, వంటింట్లో కట్టెల పొయ్యి పొగా ఉంటుంది. అన్నీ కలిసే ఆ హద్దులో పట్టాలి. ఇక ఆ మంట పక్కన రోజంతా నిలబడి కొక్కెం పట్టుకున్న మనిషి సంగతి? తినేవాడికి గిన్నెలో మిగిలింది చేరితే, ఆయన ఊపిరితిత్తుల్లోకి మొత్తం పొగ పోతోంది. ఈ చర్చలో ఆయన ప్రస్తావన దాదాపు ఎక్కడా లేకపోవడం నన్ను కలవరపెడుతోంది. తినడం నిషేధించినా ఆ మనిషికి పని పోతుంది తప్ప ఊపిరి మిగలదు. ఇంధనం మార్చితే ఆ మనిషికీ మేలే.

తెల్లది, గోధుమరంగుది

నైజీరియా సంతల్లో పొన్మో రెండు రకాలు. కాల్చి గీకినది గోధుమరంగుది. మరిగే నీళ్లలో ముంచి, బ్లేడుతో బొచ్చు గొరిగినది తెల్లది. తెల్లదానికి మంటే తగలదు కాబట్టి ఈ గొడవంతా దానికి లేదు. మరి అందరూ తెల్లదే కొనొచ్చు కదా? కొనరు. కాల్చినదానికి ఉండే కమురు రుచి, నమిలితే సాగే బిగువు తెల్లదానికి రావు. ఉడికితే జారిపోతుంది. రుచిని అలవాటు అని తోసిపుచ్చేవాళ్లు తమ ఇంటి పచ్చడిని మిక్సీలో వేస్తే ఊరుకుంటారా అని అడగాలనిపిస్తుంది.

అందుకే నేను గ్యాస్ వైపు మొగ్గుతాను. అయితే గ్యాస్ అనగానే అంతా శుభ్రం అనుకోవద్దు. మంట నీలంగా ఉండాలి. పసుపురంగులోకి తిరిగిందంటే గాలి చాలడం లేదు, మసి వస్తోంది. గ్యాస్ మంట చిమ్మే టార్చి దగ్గర గాలి రంధ్రాలు జిడ్డుతో మూసుకుపోవడమే మామూలు కారణం. తోలు ఆరి ఉండాలి. తడి బొచ్చు ముందు ఆవిరవడానికే గ్యాస్ తింటుంది, ఆపైన అక్కడక్కడ పచ్చిగా మిగిలి, దాన్ని పోగొట్టడానికి ఇంకోచోట మాడ్చాల్సి వస్తుంది. తోలును నేల మీద కాకుండా ఇనుప చట్రానికి బిగించి నిలబెట్టి, మంట పక్కనుంచి తగిలేలా తిప్పాలి. అప్పుడు కరిగిన కొవ్వు మంటలో పడదు. ఒక్క దెబ్బకు మాడ్చకుండా మొదటి విడతలో బొచ్చు కమర్చి, తడిపి గీకి, రెండో విడతలో మిగిలిన కుదుళ్లు కాల్చాలి. నల్లగా బొగ్గయిన చోటును కోసి పారేయాలి. కడిగే నీళ్లు ప్రతి తోలుకూ కొత్తవి.

కట్టెలతో కాల్చినా టైరుకంటే ఎంతో మేలు, కట్టె ఎండి ఉంటే. పచ్చికట్టె పొగను, పీఏహెచ్‌లను రెండిటినీ పెంచుతుంది. రంగు వేసిన పాత తలుపులు, చెదలమందు పట్టించిన కలప మాత్రం వద్దే వద్దు. అలాంటి కలపలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉండొచ్చు.

మన తలకాయలు, కాళ్లు

ఇదంతా ఘానా, నైజీరియాల గొడవ అనుకునేవాళ్లు మటన్ దుకాణం వెనకవైపు ఒకసారి చూడాలి. మేక తలకాయ, కాళ్లు కాల్చకుండా కూరకు రావు. పల్లెల్లో కొలిమి దగ్గర కాల్పించే అలవాటు ఉంది. చెవుల్లో, ముక్కు రంధ్రాల్లో, గిట్టల సందుల్లో ఎర్రగా కాలిన ఇనుప చువ్వ పెడతారు. కట్టెబొగ్గు నిప్పుల మీద, పొగ లేకుండా చేస్తే అది మంచి పద్ధతే. పొగ కక్కే రాతిబొగ్గయితే కాదు. పట్నాల్లో గ్యాస్ టార్చి వచ్చింది. పండగల రద్దీలో, ఒక్కపూటలో వందల తలకాయలు కాల్చాల్సివస్తే మాత్రం మంటలో టైరు ముక్కలు పడే చోట్లున్నాయి. చెత్తను ఆరుబయట తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. టైరుకూ అది వర్తించాలి.

కాల్చిన తలకాయకు పసుపు రాసి ఇస్తారు. పసుపు మసిని కప్పుతుంది, తీసెయ్యదు. కొనేముందు వేలితో రుద్ది చూడండి. కట్టె మసి పొడిపొడిగా రాలుతుంది. టైరు మసి జిడ్డుగా సాగుతుంది, నీళ్లతో పోదు, సబ్బు కావాలి. ముక్కుకు దగ్గరగా పెడితే కమురు వాసన ఒకటి, కాలిన రబ్బరు వాసన ఇంకొకటి. రెంటినీ తేడా పట్టడం కష్టం కాదు. కుదిరితే కాల్చనిది తీసుకుని, కళ్లముందే గ్యాస్ మీద కాల్పించుకోవాలి. ఇంటికొచ్చాక ధారగా పడే నీళ్ల కింద కత్తితో గీకి, మాడిన చెవి కొసలు, పెదవుల అంచులు కోసేయాలి. మొదటి పొంగు నీళ్లు పారబోసి, ఆ తర్వాత ఉడికేటప్పుడు తేలిన నూనెను గరిటెతో తీసెయ్యాలి. కాళ్ల పులుసులో ఆ నూనే రుచి కదా అంటారు. శుభ్రంగా కాల్చిన కాళ్లయితే ఉంచుకోండి. ఎలా కాల్చారో తెలియనివైతే తీసెయ్యండి.

ఇంటి దగ్గర చేయగలిగినది ఇంతవరకే. మిగతాది కబేళా గేటు దగ్గర తేలాలి. టైరు లోపలికి రాకూడదు, సిలిండర్ ఉమ్మడిగా ఉండాలి, కాల్చే కూలీకి గ్యాస్ ఖర్చు జేబులోంచి పోకూడదు. ఆ ఖర్చును తోలుకు ఇంత అని మాంసం వ్యాపారి దగ్గరే వసూలు చేస్తే కిలో మీద పడేది కొద్దిమొత్తమే. దాన్ని కొనేవాడు ఇస్తాడా అన్నది నాకున్న ఒకే ఒక్క అనుమానం. మసి లేని తోలు, టైరు తోలు పక్కపక్కన పెట్టి, రెంటినీ ముక్కు దగ్గరికి తెచ్చి అమ్మితే ఇస్తాడనే అనుకుంటున్నాను.